కొండమేకా, మా తమ్ముడూ

మా ఆయనకు కొండమేక వేట పిచ్చి పట్టిన ఏడాది, మా ఇంట్లో బియ్యం బస్తా వంటింట్లో కంటే కారు డిక్కీలోనే ఎక్కువగా ఉండేది. శనివారం పొద్దున్నే ఆ సోనామసూరి బస్తాను వీపుసంచిలో వేసుకుని, అమెరికాలో మేముండే రెడ్‌మండ్ చుట్టుపక్కల కొండల్లో ఏదో ఒకటి ఎక్కి దిగి వచ్చేవారు. వేట అయ్యాక మాంసమంతా వీపు మీదే మోసుకు దిగాలి కాబట్టి ఇప్పటినుంచే అలవాటు చేసుకోవాలట. అప్పుడు మా అమ్మ మా దగ్గరే ఉంది, ఆర్నెల్లు ఉందామని వచ్చింది. అల్లుడు చెమటలు కక్కుతూ తిరిగొచ్చిన ప్రతిసారీ బస్తా వంక జాలిగా చూసేది.

"కొండెక్కి దిగొచ్చిన బియ్యానికి వేరే రుచేమన్నా వస్తుందా బాబూ?" అని ఒకరోజు అడగనే అడిగింది.

ఈ పిచ్చికి మూలం మా తమ్ముడు. వాడు అలాస్కాలో, యాంకరేజ్‌లో, ఒక కంపెనీ తరఫున కంప్యూటర్ల పని చూసేవాడు. అంత చలిలో ఏముంటావురా అని అందరం అన్నాం. వాడు మాత్రం రెండేళ్లు తిరిగేసరికి అక్కడివాళ్లతో కలిసి చేపలు పట్టడం, తుపాకీ పట్టడం, మంచులో డ్రైవ్ చేయడం అన్నీ నేర్చేసుకున్నాడు. అప్పుడే కంపెనీ వాణ్ణి మిషిగన్‌లోని నోవైకి పంపే మాట మొదలైంది. అందుకే ఒక ఆదివారం ఫోన్‌లో అన్నాడు.

"బావా, ఈ ఫాల్‌కి, ఎండాకాలం అయిపోగానే, తప్పకుండా రావాలి మీరు. ఇద్దరం కలిసి కొండమేక హంట్‌కి వెళ్దాం. చిన్న ప్లేన్ తీసుకెళ్లి కొండల మధ్య సరస్సులో దింపుతుంది. షాట్ మీదే. నేను పక్కనే ఉంటా. వచ్చే ఏడాదికి నేనిక్కడ ఉంటానో లేదో."

వాడి గొంతులో ఉన్న ఆత్రం నాకు తెలుసు. మాంద్యం వచ్చి వాడి ఉద్యోగం పోయినప్పుడు కొన్ని నెలలు మా ఇంట్లోనే ఉన్నాడు. మా ఆయన ఒక్కరోజైనా 'ఇంకెన్నాళ్లు' అన్న ముఖం పెట్టలేదు. రోజూ సాయంత్రం వాణ్ణి వాకింగ్‌కి లాక్కెళ్లి, ఇంటర్వ్యూ ప్రశ్నలు అడుగుతూ, చెప్పలేకపోతే తనే జవాబు చెబుతూ తిప్పేవారు. ఆయన పుట్టుకతో తెచ్చుకున్న ఓపికకు నేను ఇప్పటికీ లోలోపల దణ్ణం పెట్టుకుంటాను. తన చేతుల మీదుగా బావకు ఒక్క మంచి రోజు చూపించాలని వాడి ముచ్చట.

ప్రయాణం ఏర్పాట్లన్నీ నా నెత్తిన పడ్డాయి. నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. తప్పులెక్కడున్నాయో వెతకడమే నా ఉద్యోగం. కాబట్టి ఈ పనికి నన్ను మించినవాళ్లు లేరని ఇద్దరూ కలిసి నన్ను మునగచెట్టు ఎక్కించారు. నేనూ ఎక్కాను.

విమానం నడిపే పైలట్ కోడియాక్ దీవిలో ఉండే పెద్దాయన. నీళ్ల మీద వాలే చిన్న విమానం ఆయనది. నేను ఎన్నిసార్లు ఫోన్ చేసినా విసుక్కోలేదు. ముందుగా ఆయన అడిగింది బరువు. సామాను బరువే కాదు, మనుషుల బరువు కూడా. ఆ మాట చెబితే అమ్మ నోరు నొక్కుకుంది. "మనిషిని బస్తాలాగా కాటా వేస్తారా?" అంది. తిరిగి తీసుకురావడానికి ఏ రోజు వస్తారని అడిగితే, "అనుకున్న రోజునే వస్తాను. మబ్బు పడితే రాను. మబ్బు ఎప్పుడు విడితే అప్పుడు వస్తాను. తిండి ఎక్కువ పెట్టుకోమను," అన్నాడు. అంత నిక్కచ్చిగా చెప్పే మనిషిని నేను ఆఫీసులో ఒక్కణ్ణీ చూడలేదు.

తిండి ఎక్కువ ఉండాలి, బరువు తక్కువ ఉండాలి. ఈ చిక్కుముడి విప్పింది అమ్మే. బొంబాయిరవ్వ ఎర్రగా వేయించి, అందులోనే పోపు, ఎండిన కరివేపాకు, ఉప్పు కలిపి చిన్న చిన్న కవర్లలో కట్టింది. కొండ మీద మరిగే నీళ్లు పోసి మూత పెడితే ఉప్మా. జీడిపప్పు బరువని నేను ఏరేస్తుంటే నా చేతి మీద ఒక్కటిచ్చి మళ్లీ వేసింది. చివరికి మరమరాలు కూడా పోపు పెట్టి పెద్ద కవర్ నిండా నింపింది. వాటికి బరువే ఉండదు కదా అని ఆమె ధీమా.

ఇంకో పాఠం మేకల గురించి. తమ్ముడు ఫొటోలు పంపేవాడు. మగమేకకూ ఆడమేకకూ కొమ్ములుంటాయి, దూరం నుంచి రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఆడదాన్ని, ముఖ్యంగా పిల్లతల్లిని, కొట్టకూడదు. అందుకని మా ఆయన డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని ఫొటోలు చూస్తూ పరీక్ష రాసే పిల్లాడిలా గుర్తుపట్టడం నేర్చుకునేవారు. అమ్మ కళ్లజోడు సర్దుకుని వెనకనుంచి, "అది ఆడది బాబూ. కొమ్ములు సన్నగా లేవూ? మధ్యలో ఎడం చూడండి," అనేది. చాలాసార్లు ఆమె చెప్పిందే నిజమయ్యేది. ఆపైన ఆ మాంసం ఎలా వండాలా అని ఆయనా నేనూ వాదులాడుకుంటుంటే, "ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం," అని నవ్వేది.

ఇక రూల్స్. అలాస్కాలో నివాసం లేనివాళ్లు కొండమేకను వేటాడాలంటే లైసెన్స్ ఉన్న గైడ్‌ని పెట్టుకోవాలి. ఆ ఖర్చు మా ఊహకు అందేది కాదు. లేదా అక్కడ ఉండే దగ్గరి బంధువు పక్కనుంటే చాలు. తల్లీ తండ్రీ, అన్నా తమ్ముడూ, బావా బావమరిదీ, అందరూ ఆ లెక్కలో ఉన్నారు. ఆ చట్టం మనవాళ్లెవరో రాసుంటారనిపించింది. "బావమరిది బతక కోరతాడు, దాయాది చావ కోరతాడు అని ఊరికే అన్నారా?" అని అమ్మ కూడా మురిసిపోయింది. తుపాకీ పట్టుకుని పక్కన నిలబడేవాడు బావమరిది అయి ఉండాలని అమెరికా ప్రభుత్వానికి కూడా తెలిసిందని ఇల్లంతా నవ్వుకున్నాం.

వేసవిలో ఒక మధ్యాహ్నం, వెంట ఏ కాగితాలు తీసుకెళ్లాలో కనుక్కుందామని నేనే అలాస్కా వేటశాఖ ఆఫీసుకి ఫోన్ చేశాను. అవతల మర్యాదగా మాట్లాడే ఒకావిడ. నా భర్త వేటగాడు, మా తమ్ముడు అలాస్కా నివాసి అని చెప్పాను. నా పుట్టింటి ఇంటిపేరూ వాడి ఇంటిపేరూ వేరుగా ఉన్నాయేమని అడిగింది. మా పిన్ని కొడుకు కదా, వాళ్ల నాన్న ఇంటిపేరు ఉంటుందని చెప్పాను. అప్పుడామె, "అయితే మీ ఇద్దరి తల్లిదండ్రులూ ఒకరు కారన్నమాట," అంది. కాదన్నాను. "అయితే ఆయన మీకు కజిన్ అండీ. కజిన్ ఈ లెక్కలోకి రారు. సారీ," అంది.

 వాణ్ణి కజిన్ అని నేనెప్పుడూ అనుకోలేదు. మా పిన్ని జ్వరంతో పోయినప్పుడు వాడికి సరిగ్గా మాటలు కూడా రావు. బాబాయికి ఊళ్లు తిరిగే ఉద్యోగం. అమ్మ వాణ్ణి చంకనేసుకుని తెచ్చేసింది. మా ఇంట్లో అందరూ ఆమెను అమ్మ అంటుంటే విని వాడూ అమ్మ అనే అన్నాడు. నా పెళ్లిలో లాజహోమం దగ్గర పంతులుగారు "పెళ్లికూతురి తమ్ముణ్ణి పిలవండి" అంటే, నిక్కర్ పైకి లాక్కుంటూ పరిగెత్తుకొచ్చి నా దోసిట్లో పేలాలు పోసింది వాడే. ఏ తల్లి కడుపున పుట్టావని ఆయన వాణ్ణి అడగలేదు. నెలల తరబడి ప్రతి చిన్న రూలూ వెతికిన నాకు ఇందులో వెతకాల్సింది ఉందని తట్టనే లేదు.

అమ్మకైతే చెప్పలేనంత కోపం వచ్చింది. "ఎవరే అది? ఫోన్ కలుపు, నేను మాట్లాడతాను. పాలు పట్టిందాన్ని నేను. వాడు నా కొడుకు కాదనడానికి వాళ్లెవరు?" అంది. మా ఆయన లేచి వెళ్లి బియ్యం బస్తా వీపుసంచిలోంచి తీసి వంటింట్లో పెట్టారు.

ఆ సాయంత్రమే తమ్ముడికి చెప్పాను. వాడు తొణకలేదు.

"ఇందులో ప్రాబ్లమ్ ఏముందక్కా? బ్రదర్-ఇన్-లా అని నేను సైన్ చేసేస్తా. నువ్వు మా అక్కవి కావా? అబద్ధం చెప్తున్నామా మనం?"

"ఎవరన్నా చెక్ చేస్తే?"

"ఎవడు చూడొచ్చాడక్కా? అమ్మని అడుగు, నేను ఎవరి కొడుకునో."

వాడికి అప్పుడు సిటిజన్‌షిప్ ఇంటర్వ్యూ దగ్గర పడుతోంది. తప్పుడు సంతకం ఒక్కటి బయటపడితే, వాడు అన్నేళ్లుగా కూడబెట్టుకున్న బతుకంతా మేక కోసం పోతుంది. మెత్తగా చెబితే వినే రకం కాదు వాడు. చిన్నప్పటినుంచీ అంతే, పట్టిన పట్టు వదలడు. అందుకని గట్టిగానే అన్నాను.

"చట్టం లెక్కన నువ్వు నా తమ్ముడివి కాదురా. సైన్ చేయొద్దు."

వాడు "సరే," అన్నాడు. 'సరే అక్కా' అనలేదు. ఫోన్ పెట్టేశాడు. ఆ మాట అనడం తప్పదని నాకు తెలుసు, ఇప్పటికీ అదే అంటాను. అయినా అన్న క్షణం నుంచి గుండెలో ముల్లు దిగినట్టే ఉంది.

ప్రతి ఆదివారం వచ్చే ఫోన్ ఆ ఆదివారం రాలేదు. ఆ తర్వాతి వారం కూడా రాలేదు. అమ్మ ఫోన్ పక్కనే కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీసింది. వేట పోతే పోయింది, తమ్ముడే పోతాడేమోనని నాకు భయం పట్టుకుంది.

అప్పుడు మా ఆయన చేసిన పనికి నేను జన్మంతా రుణపడి ఉంటాను. ఆఫీసునుంచి వచ్చి, షూ విప్పకుండానే వాడికి ఫోన్ చేశారు.

"ఏమోయ్, నువ్వు అలాస్కా రెసిడెంట్‌వేగా? నీకు గైడ్ అక్కర్లేదుగా? పర్మిట్ నీ పేరు మీద ఉందా లేదా?"

"ఉంది బావా. కానీ షాట్ మీదనుకున్నాం కదా."

"గురి నీది, మోత నాది. మాంసం మోయడానికి ఏ చుట్టరికమూ అక్కర్లేదట, మీ అక్క కనుక్కుంది. మరి అన్ని శనివారాలు బియ్యం బస్తా ఊరికే మోశానా?"

అవతల వాడు నవ్వడం నాకు వినిపించింది. మా ఆయన నెలల తరబడి కలగన్న వేటను అంత తేలిగ్గా వాడి చేతిలో పెట్టేశారు. ఆ తర్వాత ఒక్కసారి కూడా ఆ మాట ఎత్తలేదు. మర్నాడు బియ్యం బస్తా మళ్లీ డిక్కీ ఎక్కింది.

వాడు నాతోనూ మాట్లాడాడు. టికెట్లు, టెంట్, రెయిన్‌కోట్లు, అన్నీ అడిగాడు. కానీ పనికి ఎంత కావాలో అంతే మాట్లాడాడు. మునుపు ప్రతి మాటకూ ముందో వెనకో ఉండే 'అక్కా' ఇప్పుడు వెతుక్కోవాల్సి వచ్చేది. అమ్మ అయితే, "పెళ్లాం వస్తే అదే చెబుతుంది వాడికి బుద్ధి," అని తేల్చేసింది.

ఆకులు పండే కాలానికి, అమ్మను ఇంటి దగ్గర ఉంచి, ముగ్గురం కోడియాక్ చేరాం. వాళ్లు కొండల్లో ఉన్నన్నాళ్లూ ఊళ్లో ఉండి పైలట్‌తో మాట్లాడుతూ ఉండటం నా పని. పొద్దున్నే రేవుకి వెళ్లాం. సన్నగా వాన పడి ఆగింది. పైలట్ పెద్దాయన నేను అనుకున్నట్టే ఉన్నాడు, మాట తక్కువ, చేతులు పెద్దవి. సామాను తూచాడు, తర్వాత మనుషుల్ని తూచాడు. అమ్మ చూసుంటే ఏమనేదో అనుకున్నాను. రైఫిల్, టెంట్, ఉప్మా కవర్లు అన్నీ ఎక్కాయి. మరమరాల కవర్ మాత్రం చాలా చోటు తింటుందని పక్కన పెట్టేశాడు.

ఆ వేట కథ వాళ్లిద్దరూ ఎక్కడ కూర్చున్నా చెబుతారు. కురిసిన మంచు నుంచి మోసుకొచ్చిన మాంసం దాకా ప్రతిసారీ ఇంకాస్త పెరుగుతుంది. అది వాళ్లది, వాళ్లనే చెప్పుకోనిస్తాను. నాకు మిగిలింది ఆ రేవు దగ్గర జరిగిన చిన్న సంగతి.

బయల్దేరే ముందు పైలట్ మా తమ్ముణ్ణి అడిగాడు. వాతావరణం పాడై తను రాలేకపోతే, లేదా కొండ మీద ఏదైనా జరిగితే, ఒడ్డున ఎవరికి కబురు చెప్పాలి అని. నేను రెండడుగుల దూరంలో మరమరాల కవర్ పట్టుకుని నిలబడి ఉన్నాను.

తమ్ముడు సంచి పట్టీ బిగిస్తూ, నావైపు చూడకుండానే, "మై సిస్టర్," అన్నాడు.

పైలట్ తలెత్తి నన్ను చూశాడు. సరేనని తలూపి నా ఫోన్ నంబర్ అడిగాడు. ఇంకేమీ అడగలేదు. నంబర్ నేను రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. దేవుడా, నీకు వేల దణ్ణాలు అనుకున్నాను.

పైలట్ తాళ్లు విప్పడానికి వెళ్లాడు. మా ఆయన అప్పటికే విమానంలో కూర్చున్నారు. తమ్ముడు నా దగ్గరికొచ్చి చేతులు రెండూ చాపి, "అవి ఇలా పోయక్కా, ఆకలేస్తోంది," అన్నాడు.

కవర్ విప్పి వాడి దోసిట్లో మరమరాలు పోశాను. కళ్లు తుడుచుకోవడానికి నాకు చేయి ఖాళీ లేదు. వాడు ఒక్క పిడికెడు నోట్లో పోసుకుని నమిలి, ముఖం చిట్లించాడు.

"ఉప్పు తక్కువైందక్కా," అన్నాడు.