పెన్సిలు జారని సంచి

మా చిన్నప్పుడు, మా దీవిలోని హోప్ టౌన్ అనే రేవు ఊళ్ళో చిన్నాన్న నాకు మాటిచ్చి తప్పాడు... విశాఖపట్నం వెళ్ళి వస్తూ బడిసంచి తెస్తానన్నాడు. ఓడ వచ్చిన రోజు పొద్దుటి నుంచీ జెట్టీ మీదే నిలబడ్డాను. దిగాడు... చేతులూపుకుంటూ.

"అరే, భూల్ గయా రా బుల్లోడా... జహాజ్ ఎక్కే తొందర్లో మర్సిపోనాను" అని నవ్వేశాడు.

తనకి చేతి గడియారం కొనుక్కోవడం మాత్రం మర్చిపోలేదు. ఇది చదివే మా బంధువులకు కోపం వస్తే రానివ్వండి... ఉన్నమాటే రాస్తున్నాను.

బడి రేవుకి అవతల ఉండేది. రోజూ పడవలో వెళ్ళేవాళ్ళం. పుస్తకాలు చేతుల్లోంచి జారి సముద్రంలో పడతాయని, సంచి లేని పిల్లలకు మాస్టారు కథల పుస్తకాలు ఇంటికి ఇచ్చేవారు కాదు. నాకు చదవాలని ప్రాణం కొట్టుకునేది...

నాయనమ్మ నా మొహం చూసింది. ఆమె చేతులు ఎప్పుడూ ఊరికే ఉండేవి కావు. పాత చీరలతో బొంతలు, కొబ్బరి తాళ్ళతో ఉట్లు... ఈసారి చిరిగిన వల ఒకటి విప్పి దారం తీసింది. వలలు అల్లే వెదురు సూదితో రెండు రోజుల్లో సంచి అల్లేసింది.

మురిసిపోతూ బడికి తీసుకెళ్ళాను. సాయంత్రానికి పెన్సిలు లేదు, రబ్బరు లేదు... నాయనమ్మ చేతి అలవాటు కొద్దీ కానాగంతల చేపల వలకు వేసే పెద్ద కన్నే వేసేసింది!

చిన్నాన్న పడీ పడీ నవ్వాడు. "అమ్మా, ఆడు సదువుకెల్తన్నాడా, ఏటకెల్తన్నాడా?"

"నోర్ముయ్యరా అప్పన్నా! నా సేతికి సేప కొలతే తెలుసు. పెన్సిలు కొలత రేపు నేర్సుకుంతాది" అంది నాయనమ్మ.

మొత్తం విప్పేసింది. మళ్ళీ మొదలుపెట్టి, ఒక్కో కన్నూ అల్లగానే కొత్త పెన్సిలు దూర్చి చూసేది. దూరితే విప్పేసేది... అప్పటికే చూపు మందగించింది పాపం. వేళ్ళతో తడుముతూ ముడి వేసేది. పన్నెండు రోజులు పట్టింది.

ఆ సంచి చూసి మాస్టారు నవ్వి, మొదటి పుస్తకం అందులో పెట్టారు. ఇవాళ నేనుంటున్న ప్రోతరాపూర్‌లో మా గది గోడలు కనబడకుండా పేర్చుకున్న పుస్తకాలన్నీ ఆ సంచి పెట్టిన భిక్షే. చిన్నాన్న మాట నిలబెట్టుకుని ఉంటే అది నాకు దక్కేది కాదు... ఈ సంగతి ఒప్పుకోవడానికి నాకు అరవయ్యేళ్ళు పట్టింది.

కానీ రెండేళ్ళ తర్వాత ఒకనాడు నేను జ్వరంతో పడుకుని ఉంటే, చిన్నాన్న అడక్కుండా ఆ సంచిని ఎర చేపలు వేసుకోవడానికి పడవలోకి పట్టుకెళ్ళాడు. సముద్రంలో పోగొట్టుకొచ్చాడు.

"పోతే పోనీ... అమ్మ ఇంకోటి అల్లుతాది కదేటి" అన్నాడు.

నాయనమ్మ సూది అందుకుని దారం కోసం తడుముకుంది... అప్పటికి చూపు పూర్తిగా పోయింది. వేళ్ళకు ముడి దొరకలేదు.

ఇప్పుడు ఇక్కడి డైరీ ఫార్మ్ పేటలోని దుకాణాల్లో రంగురంగుల అల్లిక సంచులు వేలాడుతున్నాయి. బాగానే ఉంటాయి... ఎవరు ఎవరి కోసం అల్లారో మాత్రం తెలియదు. మీ కోసమే ఎవరైనా కూర్చుని అల్లినది ఏదైనా మీ ఇంట్లో మిగిలి ఉంటే, వాళ్ళ పేరు ఇక్కడ రాయండి. మా నాయనమ్మ పేరు పోలమ్మ. ఆమెకు రోజూ దణ్ణం పెట్టుకుంటాను.

కొత్త సంచి తేలేదని నాకిప్పుడు కోపం లేదు. ఆమె కళ్ళు చివరిసారిగా చేసిన పనిని సముద్రంలో కలిపినందుకు మాత్రం ఇప్పటికీ తప్పు పట్టేది ఒక్కరినే... మా చిన్నాన్న అప్పన్నను.