మూడు పిడికిళ్ళ నూకలు

అరవైల మొదట్లో మా ఊళ్ళో మూఢనమ్మకం అనే మాట నా నోట వచ్చినన్ని సార్లు మరెవరి నోటా రాలేదు. సభల్లో వాదించి ఇంటికి వచ్చాక కూడా నాకు వాదించడానికి మనిషి కావాలి. పక్కింటి పెద్దమ్మ దొరికింది.

ఆమె మాకు చుట్టం కాదు. భర్త చేపల వేటకు వెళ్ళి సముద్రంలో పోయాడు. మిగిలింది ఒక్క ఆవు. పగలంతా ఇసుక దిబ్బల మీద మేసి వచ్చే ఆ ఆవు పాలే ఆమెకు అన్నం. ఎండలకు గడ్డి మాడి పాలు తగ్గితే కోవూరు బియ్యం మిల్లు నుంచి తవుడు కలిసిన నూకలు తెప్పించేది. కానీ మొదటి రోజు ఒక్క పిడికెడే పెట్టేది. రెండో రోజు రెండు. అలా తొమ్మిది రోజులు పెంచుకుంటూ పోయేది. రోజూ ముందు ఒక చిటికెడు గ్రామదేవత పేరు చెప్పి విసిరేది.

"ఆవు ఆకలితో ఉంటే నువ్వు నోము నోస్తున్నావా పెద్దమ్మా? దేవతకూ నూకలకూ ఏమిటి సంబంధం?"

"నాకేం తెల్సు నాయనా, మా అత్త అట్టనే చేసింది. నీ మాటలు మేసి పాలిస్తాదంటే చెప్పు, రోజూ తెచ్చి నీ ముందరే కట్టేస్తా."

ఆ ఏడు నూకలు మొదలుపెట్టిన మూడో రోజు ఆమె చెల్లెలికి జబ్బు చేసిందని బోగోలు వెళ్ళవలసి వచ్చింది. "సాయంత్రం మూడు పిడికిళ్ళు. మర్చిపోబాక" అని నూకల గంప నాకు అప్పగించింది.

నేను గంపంతా తొట్టిలో కుమ్మరించాను. ఆవు ఆబగా తిన్నది. రేపు చెంబు నిండా పాలు ఆమె ముందు పెట్టి వాదం గెలుద్దామనుకున్నాను.

తెల్లవారేసరికి ఆవు పొట్ట ఉబ్బి, పళ్ళు కొరుకుతూ పడి ఉంది. ఇరుగుపొరుగువాళ్ళు వెదురు గొట్టంతో నూనె పట్టారు. మధ్యాహ్నం పెద్దమ్మ బస్సు దిగి వచ్చేసరికి ప్రాణం పోయింది.

"ఎన్ని పెట్టినావు నాయనా?"

"మూడే పెద్దమ్మా."

ఆమె ఖాళీ గంపను చూసింది. తరువాత నన్ను చూసింది.

"చదువుకున్న చెయ్యి గదా, కాస్త ఎక్కువే పడిందేమో!" అన్నాడు గుంపులో ఒకాయన.

"ఆ బిడ్డనేం అనబాకండి. దిష్టి తగిలింది" అన్నది ఆమె.

దిష్టి లేదని ఊరంతా వినేలా అరిచేవాణ్ణి. ఆ రోజు మాత్రం ఆ దిష్టి చాటునే దాక్కున్నాను.

గడ్డికి అలవాటుపడ్డ కడుపులో నూకలు ఒక్కసారిగా పడితే పులిసి చంపుతాయనీ, కొద్దికొద్దిగా అలవాటు చేయాలనీ తరువాత ఒక పశువుల డాక్టరు చెప్పాడు. పాతవాళ్ళు ఎన్ని పశువులను పోగొట్టుకుని నేర్చుకున్నారో ఆ తొమ్మిది రోజుల పద్ధతిని! కారణం వెతకవలసిన నేను దేవత పేరు వినగానే వెక్కిరించి ఊరుకున్నాను.

పెద్దమ్మ చేపలు ఎండబెట్టే కూలికి పోయింది. దిష్టిని ఖండిస్తూ నేను చాలా వ్యాసాలు రాశాను. ఈ ఆవు సంగతి దేనిలోనూ లేదు. ఆమె బతికుండగా ఆమెతోనూ ఒప్పుకోలేదు. ఆమెకు తెలుసు గదా అని సరిపెట్టుకున్నాను.