భయపెట్టే బోర్డు చేసిన మా రమణక్క

రమణక్క లేదు.

నిన్న పొద్దున ఆరున్నరకి వాళ్ల తమ్ముడు ఫోన్ చేసి చెప్పాడు. "ఏ రమణక్క?" అని అడిగాను. నాకు తెలిసిన రమణక్క ఒక్కతే. అయినా అలాగే అడిగాను.

తెల్లారుజామున వాంతి చేసుకుందట. ఆటో ఎక్కించేలోపే అయిపోయిందట. నలభై ఒక్కేళ్లు.



ముందురోజు సాయంత్రం నాలుగింటికి షాపులో నా పక్క సిస్టమ్ మీదే ఉంది. ఎడమ భుజం నొక్కుకుంటోంది. మొహమంతా చెమట. "హాస్పిటల్‌కి పోదాం రాక్కా" అన్నాను.

"గ్యాస్ మే. పొద్దున్నుంచి టీ తప్ప ఏందీ తినలా. గమ్మున నీ పని చూసుకో పాపా."

సోడా తెచ్చిచ్చాను. తాగింది. తేన్చింది. ఇద్దరం నవ్వుకున్నాం.

నేను నమ్మేశాను.

అదే నన్ను తినేస్తోంది.

తెలియనివాళ్ల కోసం చెప్తున్నా. ముత్తుకూరులో మా ఫ్లెక్సీ షాపులో రమణక్క పదేళ్లుగా డిజైనర్. చేపల వేటకు పోయే ఇంటి ఆడపిల్ల. ఏ కోర్సూ చేయలేదు. పాత సినిమా పోస్టర్లే ఆమె కోర్సు. దొరికిన ప్రతిదీ ప్రింట్ తీసి పెట్టుకునేది. టైటిల్‌కి అరచెయ్యి అడ్డం పెట్టి, "చెప్పు, ఇది ఏడుపు సినిమానా, కొట్లాట సినిమానా?" అనేది. రంగులు చూసే చెప్పాలి. నేను చేరిన కొత్తలో అన్నీ తప్పే.

రెండేళ్ల కిందట, ఏరు సముద్రంలో కలిసేచోట స్నానానికి దిగి ఇద్దరు కాలేజీ పిల్లలు పోయారు. పంచాయతీవాళ్లు హెచ్చరిక బోర్డు అడిగారు. నేను పుర్రె బొమ్మ, ఎర్రక్షరాలు పెట్టి చేసిచ్చాను. వారం తిరక్కుండానే జనం దాని పక్కన నిలబడి సెల్ఫీలు దిగారు.

అక్క తిట్టలేదు. ఒక పాత దయ్యం సినిమా పోస్టర్ టేబుల్ మీద పరిచింది. ఒక మూల దయ్యం. ఇంకో మూల దాన్ని చూస్తున్న ఆడమనిషి. దయ్యం మీద తెల్లకాగితం కప్పింది.

"ఇప్పుడు చూడు మే. దయ్యాన్ని చూస్తే నవ్వొస్తాది. ఈయమ్మ మొహం చూస్తే? ఏం చూసిందో మనకి తెలీదు. అందుకే భయం."

మర్నాడు నన్ను రేవుకి తీసుకెళ్లి సముద్రం వైపు నిలబెట్టింది. నాకు నటించడం రాదన్నాను.

"నటించబాక. పడవలన్నీ వచ్చేసినాయి. మీ నాయన పడవ రాలా. చూడు."

మా నాన్న ఆ పొద్దున నిజంగానే వేటకు పోయి ఉన్నాడు. ఒక్క క్షణం నీళ్ల మీద ఆయన పడవ కోసం వెతికాను. అక్క ఫోటో తీసేసింది.

బోర్డు నిండా నా మొహం. కింద ఒక్క లైను, "ఇక్కడ దిగొద్దు."

"పెళ్లి కావాల్సిన పిల్ల మొహాన్ని అట్టా పెడతారా?" అని మా అమ్మ పెద్ద గొడవ చేసింది.

కానీ బోర్డు ఏటి దగ్గర పెట్టాక, ఆ ఆదివారం మేమిద్దరం ఇసుకలో కూర్చుని చూస్తుండగా, ఒకాయన బోర్డు ముందు ఆగిపోయాడు. నీళ్లవైపు పరిగెత్తుతున్న కూతుర్ని రెక్క పట్టుకుని వెనక్కి లాగాడు. అక్క నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

నిన్న మధ్యాహ్నం వాళ్ల తమ్ముడే మళ్లీ ఫోన్ చేశాడు. "అక్క ఫ్లెక్సీ నువ్వే చెయ్యాల పాపా. ఇంకెవురికి చెప్పేది?"

షాపు తెరిచాను. ఆమె కళ్లద్దాలు కీబోర్డు మీదే ఉన్నాయి.

ఆమె పేరు ముందు "స్వర్గీయ" అని టైప్ చేయాలంటే భయమేసింది. కొడితే నిజమైపోతుందని. మూడుసార్లు చెరిపాను. చివరికి కొట్టాను. ప్రింట్ ఇచ్చి బయటికొచ్చేశాను. వాళ్ల వీధిలో కట్టారట. నేను ఇంకా చూడలేదు.

ఛాతీలో కొంచెం పట్టినట్టున్నా భయమేస్తోంది. నాన్న తేన్చినా భయమేస్తోంది. రేపట్నుంచి ఆ షాపులో ఒక్కదాన్నే కూర్చోవాలంటే చాలా భయంగా ఉంది.

ప్లీజ్, ఎవరికైనా భుజం లాగి చెమటలు పడితే గ్యాస్ అనుకోవద్దు. పక్కనున్నవాళ్లు నాలాగా సోడా తెచ్చివ్వొద్దు. వాళ్లు వద్దన్నా ఆటో పిలవండి.

వెళ్లిరా అక్కా. ఇంక ఏ నొప్పీ నిన్ను తాకని చోట హాయిగా ఉండు.