డ్రైవర్ వైపు తలుపు

మా ఆడబిడ్డ చెప్పే కథలో నేను మూరెడు రబ్బరు కోసం మొగుడి ప్రాణం మీదికి తెచ్చిన ఆడదాన్ని. మెకానిక్ షెడ్డులో నలుగురి ముందూ నేను నోరు పారేసుకున్నానట. ఆ అవమానానికి వాళ్ళన్నకు బీపీ పెరిగి ఉన్నచోటనే కూలిపోయాడట. సంఘస్తుల ప్రార్థన వల్ల లేచి కూర్చున్నాడట. ఆదివారం చర్చిలో సాక్ష్యాలు చెప్పే వేళ ఆమె ఈ కథ మూడుసార్లు చెప్పింది. మూడోసారికి నా చేతిలోకి ఒక స్పానర్ కూడా వచ్చి చేరింది.

స్పానర్ సంగతి వదిలేస్తాను. బీపీ పెరిగి పడ్డాడన్న మాట మాత్రం వదలను. ఆయన బీపీ తగ్గి పడ్డాడు. ఆ ముక్క చెప్పబోతే, "పెరిగితే ఏంది, తగ్గితే ఏంది వదినా, మనిషి పడినాడా లేదా?" అంటుంది. పడ్డాడు. నా వల్లే పడ్డాడు. ఆ మాట ఒప్పుకోవడానికి నాకేం అభ్యంతరం లేదు. కానీ చెయ్యని తప్పు నెత్తిన వేసుకొని, చేసిన తప్పు దాచుకోవడం నాకు చేతకాదు.

మాది అల్లూరు. నేను బోగోలు దగ్గర హైస్కూల్లో టీచర్ని. ఆయనకు రొయ్యల మేత డిపో ఉంది. పొద్దున నన్ను బడి దగ్గర దింపి ఆయన చెరువుల మీదికి పోతాడు. మా కారుకు పదిహేడేళ్ళు. ఉప్పుగాలికీ ఎండకీ కిటికీ అద్దాల అంచున ఉండే రబ్బర్లు చెక్కల్లాగా గట్టిపడి పగిలిపోయాయి. వానాకాలం బడికి చేరేసరికి నా చీర ఎడమ భుజం మీద తడిసిపోయేది. పిల్లలు చూసి నవ్వుకునేవాళ్ళు. ఎండాకాలం సందుల్లోంచి దుమ్ము, దాంతోపాటు చెరువుల కంపు.

రబ్బర్లు మార్పిద్దామని రెండేళ్ళు అడిగాను. మా ఆయన దేనికీ ఎదురు చెప్పే మనిషి కాదు. నేను సోఫా కొంటానంటే సరే, సోఫా అమ్మేస్తానంటే సరే. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన పట్టుబట్టి వాదించింది ఈ రబ్బర్ల దగ్గరే.

"అద్దం ఎక్కతాది, దిగతాది. ఇంకేం గావాల నీకు?"

"నీళ్ళు లోపలికి రాకుండా ఉండాల."

"గొడుగు పట్టుకో."

"కార్లో కూర్చొని గొడుగు పట్టుకునేదానికి కారెందుకు? నడిచే పోతా."

"నడువు. కొంచెం తగ్గుతావు."

ఇక్కడ మాత్రల సంగతి చెప్పాలి. మూడేళ్ళ కిందట ఆయనకు బీపీ ఉందని తేలింది. డాక్టర్ రోజుకొక తెల్ల మాత్ర రాశాడు. ఇంట్లో మర్చిపోతున్నాడని నేనే హ్యాండ్‌బ్యాగులో పెట్టుకొని, కారెక్కగానే ఆయన చేతిలో పెట్టేదాన్ని. కుడిచేత్తో తీసుకొని నోటి దాకా తెచ్చేవాడు. ఎడమచేత్తో నీళ్ళ సీసా ఎత్తి, తల వెనక్కి వాల్చి గుటక వేసేవాడు. కుడిచేయి తిన్నగా పోయి కిటికీ అంచు మీద వాలేది. అలా చేయి వాల్చి కూర్చోవడం ఆయన దర్జా అనుకునేదాన్ని. సెలవు రోజుల్లో "నేనే ఏసుకుంటాలే" అని జేబులో పెట్టుకొని పోయేవాడు.

బీపీ తగ్గలేదు. డాక్టర్ తెల్లది మార్చి, అంతకంటే గట్టిది, గులాబీ రంగుది రాశాడు. తగ్గలేదు. దానికి తోడు పసుపుపచ్చది ఒకటి కలిపాడు. అయినా తగ్గలేదు. నేను ఊరగాయ మాన్పించాను, ఎండుచేపలు మాన్పించాను. చర్చిలో స్త్రీల కూడికలో ప్రతి వారం లేచి, మా ఆయనకు మాత్రలు పనిచేసేలా ప్రార్థన చేయండని అడిగాను. మూడేళ్ళు పాపం అందరూ మోకాళ్ళ మీద కూర్చొని ప్రార్థన చేశారు.

మొన్న వానలప్పుడు కొత్త వింత మొదలైంది. డ్రైవర్ వైపు తలుపు వేస్తే, లోపల బిందెలో నీళ్ళు కదిలినట్టు చప్పుడు. "రేకు చప్పుడులే" అన్నాడు. రెండో శనివారం బడికి సెలవు. ఆయన బైకు మీద చెరువులకు పోయాడు. నేను కారు తీసుకొని కావలి రోడ్డులో ఉన్న షెడ్డుకు పోయాను. నాకు డ్రైవింగ్ వచ్చు. మా ఆయన లెక్క ప్రకారం రాదు.

మెకానిక్ మాకు పాతవాడే. తలుపుకు లోపలొకటి, బయటొకటి లెక్కన ఎనిమిది రబ్బర్లూ వేలితో తడిమి చూసి, "అన్నీ మార్చాల్సిందే టీచరక్కా" అన్నాడు. డ్రైవర్ తలుపు ఒకసారి వేసి, చెవి ఆనించి విన్నాడు. "దీంట్లో నీళ్ళు నిలబడుండాయి. అడుగున బెజ్జాలుంటాయి, నీళ్ళు బయటికి పోయేదానికి. అయ్యి పూడిపోయినట్టుండాయి."

తలుపు లోపలి ప్యాడ్ ఊడదీసి, కింది నుంచి బెజ్జంలోకి కమ్మీ పెట్టి పొడిచాడు. మొదట తుప్పు నీళ్ళు కారాయి. తర్వాత సున్నంలాంటి తెల్లటి ముద్ద జారింది. తర్వాత ఏమీ రాలేదు. తలుపు లోపలికి చేయి పెట్టి గుప్పెడు తీసి నా ముందు పట్టాడు.

"ఏందక్కా, చాక్‌పీసులు గానీ బళ్ళోనుంచి తెచ్చి దీంట్లో దాస్తుండారా?"

నేనూ నవ్వాను. నవ్వుతూనే చూశాను. ఆ ముద్ద మీద ఒక మాత్ర చెక్కు చెదరకుండా ఉంది. గులాబీ రంగు, మధ్యలో గీత.

నేను స్టూలు లాక్కొని కూర్చున్నాను. మెకానిక్ బోల్టులు పోసుకునే పళ్ళెం తెచ్చి, తలుపులో ఉన్నదంతా తోడి పోశాడు. తలుపు అడుగున ఉన్నది తెల్లటి పేస్టు. దాని పైన గులాబీ రంగు పేస్టు. ఆ పైన గులాబీవి, పసుపుపచ్చవి, సగం కరిగినవి కొన్ని, ఇంకా గుండ్రంగా ఉన్నవి కొన్ని. డాక్టర్ రాసిన మూడేళ్ళ చీటీలన్నీ వరుస తప్పకుండా ఆ తలుపులో ఉన్నాయి. మాత్రలు పనిచేయాలని మేము ప్రార్థన చేస్తుంటే, మాత్రలు తలుపులో నానుతున్నాయి.

అప్పుడే ఆయన ఇంటి దగ్గర నుంచి ఫోన్ చేశాడు, కారు యాడుంది అని. షెడ్డులో అన్నాను. మోకాళ్ళ దాకా చెరువు బురదతోనే వచ్చాడు. పళ్ళెం చూశాడు. నన్ను చూడలేదు.

"ఏంది ఇయ్యి?" అన్నాను.

మెకానిక్ లేచి, "నేను టీ తాగొస్తా" అన్నాడు.

"నువ్వుండన్నా. ఒక సాక్షన్నా గావాల నాకు."

మా ఆయన బురద కాలి వైపు చూస్తూ, "రోజూ కాదులే" అన్నాడు.

ఆ పళ్ళెం ముందు నిలబడి ఆ మాట అన్నాడు. ఆడబిడ్డ కథ తప్పు అంటున్నది ఇక్కడే. ఆ రోజు నేను అరవలేదు. చాలా నెమ్మదిగా, "ఈ రోజువి జేబులో ఉండాయిగా, తియ్యి" అన్నాను. తీశాడు. కాగితంలో చుట్టిన గులాబీది, పసుపుపచ్చది. మెకానిక్ నీళ్ళ సీసా అందించాను. "మింగు. నోరు తెరువు. నాలుక ఎత్తు." ఆరో తరగతి పిల్లోడికి చెప్పినట్టే చెప్పాను. ఆయన చెప్పినట్టే చేశాడు. ఇన్నాళ్ళకు గెలిచాననుకున్నాను.

మెకానిక్ మిగతా మూడు తలుపులకూ కొత్త రబ్బర్లు ఎక్కించాడు. రెండు గంటలు గడిచాయేమో. ఆయన పొద్దుటి నుంచి ఏమీ తినలేదని నాకు తెలియదు. స్టూలు మీంచి లేవబోయి మళ్ళీ కూర్చున్నాడు. "కళ్ళు బైర్లు కమ్ముతుండాయి" అన్నాడు. రెండోసారి లేచి, ఎవరో కాళ్ళు లాగేసినట్టు పడిపోయాడు. ముఖం పాలిపోయింది. చొక్కా పిండితే నీళ్ళు కారేంత చెమట.

ఆ కారులోనే తీసుకుపోయాం. మెకానిక్ తోలాడు. పక్కన ప్యాడ్ లేని తలుపు, వేలాడే వైర్లు, లోపల దడదడలాడే అద్దం. వెనక సీట్లో ఆయన తల నా ఒళ్ళో ఉంది. నిజం చెప్పాలంటే, మా ఆడబిడ్డ చెప్పే కథను అందరికంటే ముందు నమ్మింది నేనే. బీపీ పెరిగింది, నా వల్లే పెరిగింది అనుకుంటూనే ఆసుపత్రి దాకా పోయాను.

నర్సు బీపీ ఒకసారి చూసి, నమ్మకం లేక ఇంకోసారి చూసింది. ఆయన కాళ్ళ కింద దిండ్లు పెట్టి సెలైన్ ఎక్కించారు. మూడేళ్ళుగా మాకు మందులు రాసే డాక్టరే వచ్చాడు.

"బీపీ బాగా పడిపోయిందమ్మా. రోజూ వేసుకునే మాత్రలే కదా వేసుకుంది?"

"అయ్యే సార్. కానీ వేసుకోవడం ఈ రోజే మొదలు."

డాక్టర్‌కు అర్థం కాలేదు. తలుపు సంగతి చెప్పాను.

"అయితే నేను మూడేళ్ళుగా ఎవరికి రాస్తున్నానమ్మా మందులు?"

గుమ్మం దగ్గర నిలబడ్డ మెకానిక్, "కారుకి సార్" అన్నాడు. నర్సు ముఖం తిప్పుకుంది.

డాక్టర్ నవ్వలేదు. తగ్గడం లేదు కదా అని తను పెంచుకుంటూ పోయాడట. ఒక్క మాత్రా ఎరగని ఒంట్లోకి అంత మోతాదు ఒకేసారి, అదీ ఖాళీ కడుపున పోయింది. "తలకు దెబ్బ తగల్లేదు, అదృష్టం. ఈసారి ఏదైనా బయటపడితే ముందు నాకు చెప్పండి. మీరే మింగించకండి" అన్నాడు. పాఠం చెప్పడం నా పని. చెప్పించుకొని నిలబడ్డాను.

సాయంత్రానికి ఆయన తేరుకున్నాడు. ఎందుకు చేశావని అడిగాను.

"తెల్లారి లేస్తే ప్రతి మాటా నువ్వే గెలుస్తావు. నేను దేనికీ అడ్డం రాలా. అదొక్కటి నాదిగా ఉంచుకుందామనుకున్నా."

"ప్రాణం పోతే?"

"అది తోచలా నాకు."

కోపంగా అనలేదు. అంగట్లో ఏదో తేవడం మర్చిపోయానని చెప్పినట్టు చెప్పాడు. అదే నేను తట్టుకోలేకపోయాను. అప్పుడే ఆడబిడ్డ బైబిలూ ఫ్లాస్కూ పట్టుకొని వచ్చింది. నా ముఖం చూసి తన కథ తను కట్టుకుంది.

ఇప్పుడు తెల్ల మాత్ర, అందులో సగం. వంటింట్లో ఆయనే వేసుకుంటాడు. నేను పొయ్యి వైపు తిరిగి నిలబడతాను. నోరు తెరవమని అడగకుండా ఉండటం నాకెంత కష్టమో ఏ సాక్ష్యంలోనూ ఎవరూ చెప్పరు. బీపీ అదుపులోకి వస్తోందంటున్నాడు డాక్టర్.

నాలుగో తలుపుకు కూడా రబ్బర్లు వేశారు. ఇప్పుడు అద్దం పక్కన గోరు కూడా దూరదు. పాతవి పారేయబోతూ మెకానిక్ ఒకటి మాత్రం పక్కకు తీసి నాకిచ్చాడు, డ్రైవర్ తలుపు లోపలి అంచుది. మిగతా ఏడూ ఈ చివర నుంచి ఆ చివరకు పగిలి ఉన్నాయి. ఇది ఇంకా మెత్తగానే ఉంది, ఆయన చేయి వాలే చోట తప్ప. అక్కడ వేలెడు మేర నున్నగా తొలిచినట్టు లోతుగా పోయింది. "ఇది ఎండ పని కాదక్కా" అన్నాడు.

ఆయన్ను అడిగాను. "రబ్బరు అరిగుండె. చేతికి సందు తగిలింది. వేసినా" అన్నాడు. అంతే అయితే నేను క్షమించగలను. ఎవరికైనా ఒక పూట బుద్ధి గడ్డి తింటుంది. అలా కాకపోతే, ఆయన నా పక్కన కూర్చొని, నేను మాట్లాడుతున్నంతసేపూ ఊఁ కొడుతూ, నెలల తరబడి వేలితో ఆ రబ్బరు గీరుకుంటూ పోయాడన్నమాట. ఆ ముక్క నా బీరువాలో చీరల కింద ఉంది. అప్పుడప్పుడు తీసి, నా వేలు పెట్టి చూస్తాను. ఆ సందు ముందే ఉండి ఆయన చేతికి తగిలిందా, ఆయనే రోజుకింత తొలిచి చేసుకున్నాడా?