మెషిన్‌కి కుట్టిన కవరు

ఆదివారం లోకానికి సెలవేమో గాని, కళ్ళద్దాల అమ్మాయికి మాత్రం వాషింగ్ మెషిన్‌తో కుస్తీ. అమ్మాయి అని కళ్ళద్దాల షాపులో అలవాటుగా పిలుస్తారంతే, ఆవిడకి నలభై దాటి చాలా కాలమైంది. వారమంతా వచ్చేపోయే జనాల ముక్కుల మీద ఫ్రేములు సరిచేసి, కాళ్ళు పీక్కుపోతుంటే ఇంటికి చేరే మనిషి. ఒక్క రోజైనా నడుం వాలుద్దామంటే మెషిన్ వాసన కొడుతుంది.

వాసనంటే అలాంటిలాంటి వాసన కాదు. తడిగుడ్డల్ని మూటకట్టి మూలన మరిచిపోతే వచ్చే ముక్క వాసన. ఉతికిన ప్రతి బట్టకీ అదే. అందుకని ప్రతి ఆదివారం మెషిన్ ముందు పీట వేసుకునేది. తలుపు చుట్టూ ఉండే రబ్బరు మడత విప్పి, లోపల జిగటగా పట్టిన నల్లటి పాచిని పాత టూత్‌బ్రష్‌తో గీకేది. సబ్బుపొడి వేసే అర బయటికి లాగి, గట్టిపడ్డ ముద్దని వేణ్ణీళ్ళలో నానబెట్టేది. కిందనున్న ఫిల్టర్ విప్పి, మురికినీళ్ళు గిన్నెలోకి పట్టి, దారప్పోగులూ వెంట్రుకలూ ఏరేది. ఆఖరికి బట్టలేవీ వెయ్యకుండా ఖాళీ మెషిన్‌ని వేణ్ణీళ్ళతో తిప్పేది. అది తిరిగినంతసేపూ నడుం పట్టుకుని అక్కడే కూలబడేది.

వ్యాను నడిపే మొగుడు అటుగా వెళుతూ, "బట్టలుతికేదాన్ని మళ్ళీ ఉతకడమేంటే?" అని నవ్వేవాడు. వంగి ఓ చెయ్యి వెయ్యడం మాత్రం ఆయనగారి ఒంట్లోనే లేదు.

"మీ చొక్కా ఓసారి వాసన చూసుకుని నవ్వండి" అనేది ఆవిడ. ఓపికుంటే ఇంకో నాలుగు మాటలు కూడా అనేదే.

ఇంత చేసినా సోమవారం బాగున్న బట్టలు వారం సగమయ్యేసరికి మళ్ళీ మొదటికే. మెషిన్ పాతబడిందనుకుంది. సబ్బుపొడి మార్చింది. తన చేతిలోనే ఏదో లోపముందేమోనని కూడా అనుకుంది పాపం.

ఒకరోజు షాపు యజమాని ఆవిడని పక్కకి పిలిచాడు. "ఏమనుకోకమ్మా. నువ్వు మనుషుల మొహం మీదకి వంగి చెయ్యాల్సిన పని. నీ బట్టలు వాసనొస్తున్నాయని ఒకరిద్దరు అన్నారు. ఇవాల్టికి ఇంటికెళ్ళు. రేపు కూడా ఇలాగే ఉంటే వెనకగదిలో అద్దాలు అరగదీసే పనిలో వేస్తాను."

ఆవిడకి తల కొట్టేసినట్టయింది. అద్దాలు పెట్టుకోగానే అక్షరం స్పష్టంగా కనపడి అవతలి మొహం విప్పారుతుందే, ఆవిడ బతుకులో ఉన్న సరదా అల్లా అదొక్కటే. వెనకగదిలో మొహాలుండవు. బస్సులో పక్క సీటు ఖాళీగా ఉన్నా కూర్చోకుండా, ఎవరికీ తగలకుండా నిలబడే వచ్చింది.

ఎప్పుడూ చీకటి పడ్డాక ఇల్లు చేరే మనిషి ఆవేళ మిట్టమధ్యాహ్నం షాపు కోటుతోనే గుమ్మంలో అడుగుపెట్టింది. బాల్కనీలో ఆరేసిన బట్టలింకా తడిగానే ఉన్నాయి. పొద్దున్నే మెషిన్‌లో బట్టలు వేసి వెళ్ళడం కోడలిగా ఆవిడ వంతు, తీసి ఆరెయ్యడం ఇంట్లో ఉండే అత్తగారి వంతు. లోపల అత్తగారు మెషిన్‌కి కవరు తొడిగి, జిప్పు పైదాకా లాగి, ముడతలు సాపు చేస్తోంది. ఒకప్పుడు పదిమందికి బట్టలు కుట్టిన మనిషి. పాత కర్టెన్ చించి, అంచులకి ఎర్ర పట్టీ వేసి ఆ కవరు కుట్టింది. ఆ తర్వాత చేతులు వణకడం ఎక్కువై మరి సూది ముట్టలేదు.

కోడలు జిప్పు లాగి మెషిన్ తలుపు తెరిచింది. గోరువెచ్చటి ఆవిరి మొహాన కొట్టింది. డ్రమ్ము, రబ్బరు అన్నీ తడితడిగా ఉన్నాయి.

"రోజూ బట్టలు తీసిన వెంటనే ఇలా కప్పేస్తున్నారా అత్తయ్యా?"

"మరి? కాస్త ఆలస్యమైతే కిటికీలోంచి వచ్చే దుమ్మంతా దానిమీదే."

"తడి ఆరకుండా మూసేస్తే పాచి పట్టదూ? వాసన అందుకే వస్తోంది. మిమ్మల్నెవరు కప్పమన్నారు?"

గొంతు తను అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది. అత్తగారు కవరు మీంచి చెయ్యి తీసేసింది.

"ఎవరూ చెప్పలేదమ్మా. ఆదివారమంతా దీని ముందు కూర్చుని తోముకుంటావు. నేను వంగి తోమలేను. దుమ్మైనా పడకుండా చూస్తే నీకు కొంత పని తగ్గుతుందని."

కోడలికి నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. రెండింటికీ ఓపిక లేదు. మెషిన్ పక్కనే నేల మీద చతికిలబడింది.

"అయితే నీ ఆదివారాలన్నీ పాడుచేసింది నేనేనన్నమాట" అంది అత్తగారు.

అదేం లేదులెండి అనడం ఎంతసేపు. ఇన్నేళ్ళూ అలాగే అంటూ నెట్టుకొచ్చింది. ఈసారి నోరు రాలేదు.

"అవునత్తయ్యా" అంది.

"ఇన్నాళ్ళూ ఒక్క మాట అడగలేకపోయావే నన్ను?"

"అడిగే ఓపిక కూడా లేకపోయింది." ఆ మాట అన్నాక ఇక ఆగలేదు, మొహం చేతుల్లో పెట్టుకుని ఏడ్చేసింది. రేపు షాపులో ఏం కానుందో కూడా ఏడుస్తూనే చెప్పింది.

అత్తగారు కవరు పూర్తిగా ఊడదీసి పక్కన పెట్టింది. మెషిన్ తలుపు బార్లా తెరిచి వదిలేసింది. తర్వాత గోడ పట్టుకుని వెళ్ళి బకెట్ తెచ్చుకుంది.

"ఆ షాపు కోటు విప్పి ఇటివ్వు. చేత్తో ఉతికి ఎండలో వేస్తాను."

బకెట్ పట్టుకున్న ఆ చెయ్యి వణుకుతూనే ఉంది. కోడలు కోటు విప్పి ఇచ్చేసింది, వద్దనలేదు.