సార్ వాళ్ల ఊరి వంతెన

దయ్యాలూ భూతాలూ అంటే నాకు మొదటినుంచీ నమ్మకం లేదు. మార్చురీకి శవాలను తోసుకెళ్లిన చేతులివి. అయినా ఒమాన్‌లోని సలాలా ఊళ్లో జరిగిన ఈ ఒక్క సంగతి ఎవరైనా విడమరిచి చెబితే బాగుండుననిపిస్తుంది.

అక్కడ ఒక ఇంగ్లిష్ ముసలాయనను ఇంట్లో చూసుకునే నర్సు డ్యూటీ నాది. ఎప్పుడో ఇంజినీరుగా ఆ దేశం వచ్చి ఉండిపోయారు. నడుము కింద చచ్చుబడింది. నోరు తెరిస్తే ఇంగ్లండులోని వాళ్ల ఊరి సంగతే. మూడు వీధుల ఊరు. వెయ్యేళ్ల చర్చి, చర్చికంటే ముసలి చెట్టు, నీటితో తిరిగే పిండిమర, రెండు బండ్లు ఎదురుపడితే ఒకటి వెనక్కి పోవాల్సిన రాతి వంతెన. అవి చూడ్డానికి టూరిస్టులు బస్సుల్లో వస్తారట. వినీ వినీ నేనే గైడు పని చేయగలననిపించేది.

చచ్చేలోగా ఆ వంతెన ఒక్కసారి చూడాలని ఆయన కోరిక. విమానం ఎక్కడానికి డాక్టరు ఒప్పుకోలేదు.

గదిలోంచి వెళ్లేటప్పుడల్లా "ఐ విల్ గో అండ్ కమ్, సార్" అనేదాన్ని. మన ఇళ్లలో 'వెళ్తున్నా' అంటే ఊరుకోరు కదా. వెళ్లడమా రావడమా, ఏదో ఒకటి తేల్చమని ఆయన ఏడిపించేవారు.

ఒక మధ్యాహ్నం బయట తుంపర పడుతోంది. జావ తేవడానికి లేచాను. నేను నోరు తెరిచేలోపే ఆయన, "యూ స్టే, సిస్టర్. ఐ విల్ గో అండ్ కమ్" అన్నారు. నవ్వేసి వంటింట్లోకి వెళ్లాను.

తిరిగొచ్చేసరికి ఆయన మొహం వాడిపోయి ఉంది. వంతెన గోడను లారీ గుద్దిందని, రాళ్లు ఏట్లో పడ్డాయని చెప్పారు. కలొచ్చిందనుకుని జావ తాగించాను. దుప్పటి సర్దుతుంటే అరికాళ్లు తడిగా తగిలాయి. చెమటేమోనని తుడిచేశాను.

సాయంత్రం వాళ్లమ్మాయి ఆ ఊరినుంచి ఫోన్ చేసింది. అక్కడ పొద్దున, అంటే మాకు మధ్యాహ్నం వేళ, లారీ గుద్ది వంతెన గోడ కూలిందట.

"నాన్నకు చెప్పకండి సిస్టర్, తట్టుకోలేరు" అంది. సరేనన్నాను.

నాకు భయం వేయలేదు. ఇండియాలో మా ఇంటి దగ్గర మా ఆయన గుండెపోటుతో పోయిన ఏడాది అది. నన్ను పనిలో పెట్టిన కంపెనీ సెలవు ఇచ్చేసరికి సమాధి చేసేశారు. అప్పటినుంచి నాకేదీ తగిలేది కాదు, కూర కారంతో సహా.

కొన్నాళ్లకు డాక్టరు ఒప్పుకున్నారు. కూతురు టికెట్ పంపింది. ఆయన తల అడ్డంగా ఊపి, చూసేశాను, ఇక చాలన్నారు. ఆ వారంలోనే నిద్రలో పోయారు.

ఎలా చూశారో నాకిప్పటికీ అంతుపట్టలేదు. మనిషి మంచంమీద ఉండగానే అంత దూరం వెళ్లే దారేదో ముందే తెలిసుంటే, మా ఆయన మొహం ఒక్కసారి చూసుకునేదాన్ని.