బెల్టు తెగనివ్వని మా రమ పిన్ని

నిన్న పొద్దున్నే రేపల్లె నుంచి బాబాయి ఫోన్.

"మీ పిన్ని లేవట్లేదురా" అన్నాడు.

ఇంకా నిద్రపోతోందేమో అనుకున్నాను. ఆ మాటే అన్నాను కూడా. "నువ్వు వచ్చేయరా" అని బాబాయి ఫోన్ పెట్టేశాడు. అప్పుడు అర్థమైంది.

తెనాలి నుంచి రేపల్లె దాకా కారు ఎలా నడిపానో నాకే తెలియదు.

నిద్రలోనే వెళ్లిపోయింది. ముందు రోజు సాయంత్రం కూడా చెరువులన్నీ తిరిగి, రొయ్యలకు మేత వేయించి, అన్నంలో గోంగూర కలుపుకుని తిని పడుకుందట.

మా అమ్మకు చెల్లెలు. నాకు డ్రైవింగ్ నేర్పింది ఆవిడే.

పిన్ని సంగతి చెప్పాలంటే బండి సంగతి చెప్పాల్సిందే.

మా వాళ్లు బగ్గీ అంటారు. అసలు పేరు సైడ్ బై సైడ్. ఇద్దరు పక్కపక్కన కూర్చునే, తలుపుల్లేని చిన్న జీపులాంటిది. ఇసుకలో, బురదలో, చెరువు గట్ల మీద ఎక్కడైనా పోతుంది. ఆ ఇంట్లో రెండున్నాయి. ఎర్రది బాబాయిది. బాపట్ల బీచ్‌లో టూరిస్టులను తిప్పిన బండి, సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. మంచి పికప్. పచ్చది పిన్నిది. వెనక మేత బస్తాలు వేసుకునే ట్రాలీ ఉంటుంది. స్పీడ్ లేదు, స్టైల్ అసలే లేదు.

ఏది గొప్ప బండి? ఇంట్లో రోజూ ఇదే గొడవ. టిఫిన్ దగ్గర మొదలైతే రాత్రి మజ్జిగన్నం దాకా.

బాబాయి హార్స్ పవర్ గురించి మాట్లాడేవాడు. పిన్ని బెల్టు గురించి మాట్లాడేది.

ఈ బండ్లలో ఇంజన్ బలాన్ని చక్రాలకు అందించేది ఒక రబ్బరు బెల్టు. అది తెగిందంటే ఇంజన్ ఎంత అరిచినా బండి అంగుళం కదలదు. "ఎంత స్పీడు పోతుందని కాదండీ, ఇంటికి తిరిగొస్తుందా లేదా అని చూడాలి" అనేది పిన్ని.

ఒక ఆదివారం ఇద్దరూ తేల్చుకుందామని బాపట్ల వెళ్లారు. నేనూ ఉన్నాను. బీచ్ నిండా జనం. బాబాయి కూలింగ్ గ్లాసెస్ పెట్టుకుని, మెత్తటి ఇసుకలో దుమ్ము లేపుకుంటూ రయ్యిమని పోయాడు. కుర్రాళ్లు ఈలలు వేశారు.

కాసేపటికి ఫట్‌మని చప్పుడు. పొగ. బెల్టు పీచులు పీచులుగా తెగి ఉంది.

పిన్ని తాపీగా వచ్చి పక్కన ఆపింది. "ఏంటండీ, గుర్రం అలిసిపోయిందా?"

తాడు కట్టి, అంతమంది జనం ముందు నుంచి ఎర్ర బండిని లాక్కొచ్చింది. బాబాయి స్టీరింగ్ పట్టుకుని సముద్రం వైపే చూస్తూ కూర్చున్నాడు. ఈలలు మాత్రం ఈసారి పిన్నికే ఎక్కువ పడ్డాయి.

ఇది నవ్వుకునే కథ. ఇంకొకటి ఉంది.

తుఫాను వెళ్లిన మర్నాడు. నేను రేపల్లెలోనే ఉన్నాను. చెరువుల దగ్గర కాపలా ఉండే ఏసోబును పాము కరిచింది. దారంతా మోకాలి లోతు బురద, ఆటో రాదు, బైక్ రాదు. తారురోడ్డు మీదకు చేరిస్తే అక్కడ అంబులెన్స్ ఎక్కించొచ్చు.

బాబాయి ఒక్క క్షణం ఆలోచించలేదు. ఏసోబును ఎర్ర బండిలో ఎక్కించుకుని యాక్సిలరేటర్ గట్టిగా తొక్కాడు. కొంత దూరం పోగానే రబ్బరు కాలిన వాసన, బండి ఆగిపోయింది.

వెనకే పిన్ని, నేను, ఏసోబు భార్య మరియమ్మ పచ్చ బండిలో వస్తున్నాం. ఏసోబును మా ట్రాలీలోకి మార్చాం. మరియమ్మ అతని కాలు పట్టుకుని కూర్చుంది. పిన్ని నిదానంగా బరువు లాగే 'లో' గేరు వేసింది. బండి నెమ్మదిగా, మూలుగుతూ కదిలింది.

"తొందరగా పోనీయమ్మా, నీకు దణ్ణం పెడతాను" అని మరియమ్మ ఏడుస్తోంది.

"స్పీడ్ పెంచు పిన్నీ" అని నేను అరిచాను.

పిన్ని తల తిప్పలేదు. "ఇప్పుడు తొక్కితే బెల్టు కాలిపోద్దిరా. అప్పుడు మోసుకెళ్తావా? మరియమ్మా, నువ్వు ఆ కాలు కదలనీకు. బండి సంగతి నేను చూసుకుంటా."

ఆ మనిషి బాధతో మూలుగుతుంటే, చుట్టూ అందరం అరుస్తుంటే, కాలు బిగపట్టి అంత నెమ్మదిగా నడపడానికి ఎంత గుండె కావాలో నాకు ఆ రోజు తెలిసింది. బండి ఒక్కసారి కూడా ఆగలేదు.

తారురోడ్డు వచ్చింది. అంబులెన్స్ ఉంది. రేపల్లె ఆసుపత్రిలో మందు టైంకి పడింది.

ఏసోబును తీసుకెళ్లాక పిన్ని బండి పక్కనే బురదలో చతికిలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఆవిడ ఏడవడం నేను చూసింది అదొక్కసారే.

నిన్న సాయంత్రం పిన్ని పాడె మోసిన వాళ్లలో ఏసోబు ఉన్నాడు. బాబాయే పిలిచాడు. "నువ్వు రారా, నువ్వు పట్టాలి" అన్నాడు. చుట్టాలు పక్కకు జరిగి చోటిచ్చారు.

ఈ రోజు పొద్దున్న లేచి చూస్తే బాబాయి ఇంట్లో లేడు. కంగారుపడి బయటికొచ్చాను. పచ్చ బండిలో, డ్రైవర్ సీట్లో కూర్చుని ఉన్నాడు. ఇన్నేళ్లలో ఆ సీట్లో ఆయన్ని చూడలేదు.

"మేత టైం అయిందిరా, ఎక్కు" అన్నాడు.

గట్ల మీద నెమ్మదిగా పోయాం. చెరువుల్లో నీళ్లకు గాలి పట్టించే ఏరేటర్లు తిరుగుతున్నాయి, కొంగలు లేస్తున్నాయి. చివరి చెరువు దగ్గర బండి ఆపి బాబాయి అన్నాడు.

"మీ పిన్ని బండే మంచిదిరా. ఒక్కసారి కూడా ఒప్పుకోలేదు నేను."

"ఆవిడకి తెలుసులే బాబాయ్" అన్నాను.

నవ్వాడు. నిజంగానే నవ్వాడు.

ఇష్టమైన పని చేసుకుంటూ, ఇష్టమైన మనిషితో గొడవపడుతూ, ఎవరికీ భారం కాకుండా వెళ్లిపోయింది మా పిన్ని. దుఃఖం ఉంది. కానీ లోటుగా బతికిందని మాత్రం ఎవరూ అనలేరు.

వెళ్లిరా పిన్నీ. ఇక హాయిగా, చల్లగా విశ్రాంతి తీసుకో.